రస్సెల్ దొరయు, మన పాములును



మాది చల్లపల్లి. మా ఊరికి మోపిదేవి కొలదిపాటి దూరము. అచ్చట సుబ్రహ్మణ్యేశ్వరస్వామివారు సర్పరూపమున పూజలందుకొనుచున్నారు. నాగులచవితినాడు పుట్టలో పాలు పోయని ఇల్లు మా దివిసీమలో అరుదు. పామును ఇంతగా కొలుచు సీమయందే పాముకాటువలన చనిపోవువారును ఎక్కువగా నుండుట మీకు తెలియనిది కాదు. నీరు, వరి, కప్ప, ఎలుక యున్నచోట పామును ఉండక తప్పదు. ఈ పాములనుగూర్చి తెలుగుదేశమున కూర్చుండి, తెలుగువారి నడిగి, తెలుగు పేర్లతో మొట్టమొదటి శాస్త్రగ్రంథము వ్రాసిన యొక తెల్లవారి వైద్యుని చరిత్రమును నేడు మీకు మనవి చేయుదును. దానికి ముందు నా చిన్ననాటి సంగతి యొకటి చెప్పవలసియున్నది.

మా ఇంట ఒక పాలేరు ఉండెడివాడు. కార్తికమాసమున ఒకనాటి మునిమాపు వేళ గడ్డివామునుండి గడ్డి దూయుచుండగా అతని చేతిపై పాము కరచినది. కేక విని పదిమందియు పోగైరి. పామును సరిగా చూచినవారు లేరు. ఒకరు కట్లపామనిరి, ఒకరు పొడపామనిరి. ఊరిలో పెద్దగా పేరున్న ఒకరు వచ్చి, చెరువు ప్రక్కనున్న వాము గనుక నీరుకట్టెయే అయియుండును, దానికి విషము లేదనిరి. అందరికిని ప్రాణము కుదుటపడినది. చేతికి త్రాడు బిగించి, ఆకుపసరు పోసిరి. మంత్రము వేయువానిని పిలిపించిరి. తెల్లవారునప్పటికి చేయి మోచేతివరకు వాచినది. పంటిచిగుళ్లనుండి నెత్తురు కారజొచ్చినది. మూత్రము ఎఱ్ఱగా పోయి, పిమ్మట పూర్తిగా నిలిచిపోయినది. నాలుగవనాడు అతడు చనిపోయెను. అతని భార్య మా నాయనగారిని అడిగిన మాట నాకు నేటికిని జ్ఞాపకమున్నది. “ఏ పామండీ అయ్యగారూ, ఆయన్ని కరిచింది?” మా నాయనగారు తల వంచుకొనిరి. అచ్చట నున్న వారెవ్వరును జవాబు చెప్పలేకపోయిరి.

ఆ ప్రశ్ననే అప్పటికి నూటయేబది సంవత్సరములకు పూర్వము విశాఖపట్టణమున ఒక వైద్యుడు వేసికొనెను. అతడు పాట్రిక్ రస్సెల్. మనవారు తెల్లవారినందరిని ఇంగ్లీషువారనుట వాడుక గాని, ఈయన స్కాట్లాండు దేశస్థుడు. ఎడింబరో నగరమున పుట్టి, అచ్చటనే వైద్యము నేర్చినవాడు. 1750లో, ఇరువదియైదేండ్లు నిండకమునుపే, తుర్కీ సుల్తానుల యేలుబడిలోనున్న అలెప్పో నగరమునకు, అచ్చట వైద్యుడుగా నున్న తన అన్న అలెగ్జాండరు రస్సెల్ వద్దకు పోయెను. అన్న స్వదేశమునకు మరలిన పిమ్మట 1753 మొదలు అచ్చటి ఇంగ్లీషు వర్తకసంఘమునకు తమ్ముడే వైద్యుడాయెను. 1760 మొదలు 1762 వరకు ఆ నగరమును మహామారి పీడించినది. రస్సెల్ అచ్చటనే యుండి, రోగము ఎట్లు ప్రాకుచున్నదో, ఎవరిని విడుచుచున్నదో అన్నియు వ్రాసిపెట్టుకొనెను. దానినిబట్టియే 1791లో మహామారినిగూర్చి పెద్దగ్రంథము ప్రకటించెను. అరబ్బు తెగలలో మశూచికమునకు ముందుగానే రోగపు రసమును కొద్దిగా శరీరమున ఎక్కించుకొను ఆచారము కలదని విని, విచారించి, ఆ విషయమును 1768లో లండనులోని రాయల్ సొసైటీవారికి తెలియజేసెను. ఏ దేశమునకు పోయినను ఆ దేశపు సామాన్యజనులు ఎరిగినదానిని ముందుగా వినుట ఈయన స్వభావము. ఆ స్వభావమే మనకు మేలు చేసినది.

ఈయన తమ్ముడు క్లాడ్ రస్సెల్ ఈస్టు ఇండియా కంపెనీవారి కొలువున విశాఖపట్టణమునకు పెద్ద అధికారియాయెను. తమ్మునికి తోడుగా నుండుటకై పాట్రిక్ 1781లో ఇంగ్లండు విడిచి బయలుదేరెను. అప్పటికి ఆయన వయస్సు ఏబదియైదు ఏండ్ల ప్రాంతము. మన పెద్దలు చాలమంది ఆ వయస్సున కొడుకుల కప్పగించి అరుగుపై కూర్చుండ జూతురు. ఈయన క్రొత్తదేశమున క్రొత్త చదువు మొదలుపెట్టెను. ఆ కాలమున కంపెనీవారు మదరాసు రాజధానియందు చెట్లను, జంతువులను పరిశోధించుటకై కోనిగ్ అను పండితుని నియమించియుండిరి. ఆయన 1785లో నేటి కాకినాడలో చేరియున్న జగన్నాథపురమున మరణించెను. ఆ ఉద్యోగము రస్సెల్‌కు వచ్చినది. 1789లో స్వదేశమునకు పోవువరకు ఈయన ఆ పని చేసెను. పిమ్మట ఆ పని సామర్లకోటలో తోటలు పెంచిన విలియం రాక్స్‌బర్గ్‌కు అప్పగింపబడినది. రాక్స్‌బర్గ్ వ్రాసిన కోరమాండలు తీరపు వృక్షముల గ్రంథమునకు 1795లో పీఠిక వ్రాసినవాడును రస్సెలే.

ఇక పాముల సంగతి. మన దేశమునకు వచ్చిన రస్సెల్‌కు ఒక విషయము స్పష్టముగా కనబడినది. పాముకాటు తిన్నవానిచుట్టు చేరినవారికి అది విషపుపామో కాదో తెలియదు. విషము లేని పాము కరచినవాడు ఏ మందు వేసినను బ్రదుకును. ఆ కీర్తి మందునకు పోవును. విషపుపాము కరచినవాడు అదే మందు వేసినను చచ్చును. ఆ నింద విధికి పోవును. కనుక మందు మంచిదో చెడ్డదో తేలవలెనన్న, ముందుగా పామును గుర్తుపట్టుట నేర్వవలెనని ఆయన నిశ్చయించుకొనెను.

అందుకై ఆయన చేసిన పని మిక్కిలి సామాన్యముగా కనబడును. ఊళ్లవారిచేత పాములను తెప్పించెను. ప్రతిపామునకును ఇచ్చటివారు ఏ పేరు పెట్టిరో అడిగి, ఆ పేరును విన్నది విన్నట్లు తన లిపిలో వ్రాసికొనెను. రంగులతో బొమ్మలు వేయించెను. పొడవు, తల, తోక కొలిచెను. పాము పొట్టక్రింద అడ్డముగా పట్టీలవలెనుండు పొలుసులను, తోకక్రింది పొలుసులను వేరువేరుగా లెక్కించెను. రంగు వయస్సునుబట్టి, కుబుసమునుబట్టి మారును గాని ఈ లెక్క ఒకజాతి పాములలో ఇంచుమించుగా స్థిరముగా నుండును. పిమ్మట నోరు తెరచి కోరలను చూచెను. విషపుకోర సూదివలె బోలుగా నుండునా, దాని మొదట విషపుతిత్తి కలదా అని పరిశీలించెను. తుదకు కోళ్లను, కుక్కలను కరపించి, ఏ జంతువు ఎంతసేపటిలో చచ్చినదో, ఏది బ్రతికినదో గడియారము చూచి వ్రాసికొనెను. ఆ మూగజీవుల బాధ మనకు కష్టము కలిగించును. అయినను నాటికి మరియొక మార్గము లేకుండెను.

ఈ పరీక్షలవలన తేలినదేమనగా, ప్రజలు భయపడు పాములలో పెక్కింటికి ప్రాణము తీయు విషము లేదు. జెర్రిపోతు, పసిరికపాము, కొండచిలువ మొదలగువానిని ఆయన వేరుచేసెను. నాగుపామునకు రెండవదిగా భయపడవలసినది మరియొకటి కలదని కనిపెట్టి, ఆ విషయమును 1787లో మదరాసు ప్రభుత్వమువారికి తెలియజేసెను. ఆ పామును మన ఉత్తరసర్కారులవారు ‘కాటుకరేకుల పొడ’ అని పిలిచెడివారట. ఎంత చక్కని పేరో చూడుడు! గోధుమరంగు వీపుపై మూడు వరుసలుగా, కాటుకతో అంచు దిద్దినట్లు నల్లగీతగల రేకులవంటి మచ్చలు. చూచినవాడు మరవలేని గుర్తును పేరులోనే పెట్టిరి. మన ప్రాంతమున దీనినే రక్తపింజరయనియు, పొడపామనియు అందురు. లావైన మొండెము, ముక్కోణపు తల, కమ్మరి తిత్తివలె బిగ్గరగా బుసకొట్టుట దీని లక్షణములు. 1797లో ఇంగ్లీషు పండితులు దీనికి రస్సెల్ పేరే పెట్టిరి. నేటికిని లోకమంతట ఇది రస్సెల్ పింజరయే.

1796లో కంపెనీవారి పక్షమున లండనులో రస్సెల్ పాముల గ్రంథము ప్రకటింపబడినది. అందు నలువదికి పైగా పాముల వర్ణనలును, రంగుబొమ్మలును కలవు. విశేషమేమనగా అందు చాలపాముల పేర్లు తెలుగు పేర్లే. ఇంగ్లీషు అక్షరములలో వంకరటింకరగా నున్నను చదివిన తెలుగువానికి జెర్రిపోతు, పసిరికపాము, పెద్దపొడ, బంగారుపాము అని ఇట్టే తెలియును. ఈ బంగారుపాము మాటకు గొప్ప చరిత్ర నడచినది. 1803లో దోదేన్ అను ఫ్రెంచి పండితుడు కట్లపాముల జాతి కంతటికిని ఆ తెలుగు మాటనుండియే ‘బంగారస్’ అని శాస్త్రనామము పెట్టెను. 1963లో తైవాను శాస్త్రజ్ఞులు చాంగ్, లీ అనువారలు కట్లపాము విషమునుండి ఒక పదార్థమును వేరుచేసి, బంగారోటాక్సిన్ అనిరి. నరము కండరమునకు ఆజ్ఞ నందించు చోటును కనుగొనుటకు అది సాధనమై, కండరములు బలహీనపడు ఒక రోగము యొక్క రహస్యమును విప్పినది. ఊరు పేరు తెలియని మన పాములవాడు పలికిన మాట నేడు ప్రపంచపు పరిశోధనాలయములలో ప్రతిదినము పలుకబడుచున్నది.

ఆ కాలమున పాముకాటునకు తంజావూరు మాత్రయని యొకటి మిక్కిలి ప్రసిద్ధముగా నుండెను. అందు పాషాణము కలదు. దొరలును దానిని నమ్మిరి. రస్సెల్ దానిని పరీక్షించెను. మాత్ర వేసిన జంతువులను, వేయని జంతువులను ప్రక్కప్రక్కన పెట్టి చూచిన, నమ్మదగిన గుణము కనబడలేదు. పిమ్మట ఎనుబది ఏండ్లకు, 1872లో, కలకత్తాలో పనిచేసిన జోసెఫ్ ఫేరర్ అను వైద్యుడు భారతదేశపు విషసర్పములనుగూర్చి మహాగ్రంథము ప్రకటించెను. ఆయన మన వేళ్లను, ఆకులను, రాళ్లను పరీక్షించెను. తెల్లవారి అమ్మోనియాను, మద్యమును కూడ పరీక్షించెను. నిజమైన విరుగుడు రెండుపక్షములందును లేదని తేల్చెను. కనుక ఈ విషయమున మనవారి అజ్ఞానము, వారి జ్ఞానము అను భేదము లేదు. నిలిపి చూచిన పరీక్షయే ప్రమాణము.

మరి విరుగుడు ఎట్లు వచ్చినది? అదియు మనవంటి లంకభూములనుండియే వచ్చినది. 1891లో నేటి వియత్నాం దేశమున, మెకాంగు నది డెల్టాలో వరద వచ్చి, నాగుపాములు ఒక పల్లెలో ప్రవేశించి నలువదిమందిని కరచినవి. నలుగురు చనిపోయిరి. అచ్చటి ఫ్రెంచి వైద్యుడు ఆల్బర్ట్ కాల్మెట్ దానిని చూచి పరిశోధన ప్రారంభించి, కొలది సంవత్సరములలో విరుగుడు సీరము తయారుచేసెను. దాని పద్ధతి ఇది. గుఱ్ఱమునకు విషమును మిక్కిలి కొద్దిగా, క్రమక్రమముగా హెచ్చించుచు ఎక్కింతురు. దాని నెత్తుటిలో ఆ విషమును పట్టి బంధించు పదార్థము పుట్టును. ఆ నెత్తురు తీసి, శుద్ధిచేసి, ఆ పదార్థమును మందుగా వాడుదురు. అయితే నాగుపాము సీరము రక్తపింజర విషముపై పనిచేయదని భారతదేశమున వైద్యులు త్వరలోనే కనుగొనిరి. ఏ పామునకు ఆ విరుగుడే కావలెను. రస్సెల్ పాములను ఒకదానినుండి యొకటి వేరుచేసి చూపుటలోని ప్రయోజనము అప్పుడు పూర్తిగా తెలిసివచ్చినది.

నేడు మన దేశమున తయారగు మందు నాలుగుపాముల విషమునకును కలిపి పనిచేయును. అవి నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర. కనుక కరచిన పామును వెదకి చంపి ఆసుపత్రికి తేవలసిన పని లేదు. ఆ వెదకులాటలో కాలము పోవును. రెండవవానిని కూడ పాము కరవవచ్చును.

మంత్రముతో బ్రతికినవారిని మేము కన్నులార చూచితిమని మీలో పలువురు అనవచ్చును. చూచియే యుందురు. విషము లేని పాము కరచినను, విషపుపాము కరచి విషము వదలకపోయినను, అల్పముగా వదలినను మనుష్యుడు బ్రతుకును. అట్టివారు ఎందరో కలరు. విషము నిండుగా దిగినవాడు మాత్రము మంత్రముతో బ్రతుకడు. మొదటి గంటలో ఈ ఇరువురిలో ఎవడు ఎవడో గుమ్మములో నిలిచినవారు చెప్పజాలరు. అందుచేత ప్రతివానిని విషము దిగినవానిగానే యెంచి నడచుకొనవలెను.

రక్తపింజర విషము నెత్తురు గడ్డకట్టు శక్తిని హరించును, మూత్రపిండములను చెడగొట్టును. మా పాలేరునకు జరిగినది ఇదియే. ఆసుపత్రిలో కొద్ది నెత్తురును శుభ్రమైన గాజుగొట్టములో పోసి ఇరువది నిమిషములు కదపక ఉంచుదురు. అది గడ్డకట్టకున్న విషము ఎక్కినదని తెలిసికొని మందు ఎక్కింతురు. కట్లపాము సంగతి వేరు. అది రాత్రివేళ నేలపై పడుకొన్నవారిని కరచును. నొప్పి యుండదు, వాపుండదు, గాటు కూడ కనబడకపోవచ్చును. తెల్లవారుజామున కడుపునొప్పియని లేచినవానికి కనురెప్పలు వాలిపోయి, మాట ముద్దయై, మ్రింగుట కష్టమైన, అది అజీర్తియని శొంఠికషాయము ఇచ్చుచు కూర్చుండరాదు. ఊపిరి నిలుచులోపల ఆసుపత్రి చేరవలెను.

చేయవలసినవి కొద్దియే. కరచినవానికి ధైర్యము చెప్పి పరుండబెట్టుడు. ఉంగరములు, గాజులు, మొలత్రాడు వంటి బిగువైనవానిని తీసివేయుడు. కరచిన కాలికో, చేతికో బద్ద వేసి, విరిగిన యెముకను కట్టినట్లు కదలకుండ వదులుగా కట్టుడు. వానిని నడిపింపకుడు. నెత్తురాడకుండ త్రాడు బిగింపకుడు, కోయకుడు, నోటితో పీల్చకుడు, పసరులు పూయకుడు. కరచిన వేళను జ్ఞాపకముంచుకొని, 108 బండిని పిలిచియో, దొరకిన వాహనముమీదనో విరుగుడుమందు గల ఆసుపత్రికి తీసికొనిపొండు. ఈ మందు సర్కారు ఆసుపత్రులలో ఉచితముగా ఇత్తురు. మీ ఊరికి దగ్గరగా ఏ ఆసుపత్రిలో అది నిలువయున్నదో వానకాలమునకు ముందే కనుగొనియుండుట గ్రామపెద్దల విధి.

2000 మొదలు 2019 వరకు మన దేశమున పాముకాటువలన సుమారు 12 లక్షలమంది, అనగా సగటున ఏటికి 58,000 మంది చనిపోయిరని 2020లో ప్రకటింపబడిన యొక పరిశోధన అంచనా వేసినది. చనిపోయినవారిలో అధికసంఖ్యాకులు పల్లెలవారు. పెక్కుమంది ఆసుపత్రి చేరక ఇండ్లలోనే పోయిరి. మన ఆంధ్రదేశము ఈ బాధ హెచ్చుగాగల రాష్ట్రములలో నొకటి. 2018 ఆగస్టులో మన దివిసీమలో పాముకాట్లు ఒక్కసారిగా హెచ్చి, అవనిగడ్డ ఆసుపత్రికి రోగులు వరుసగా వచ్చిన సంగతి మీకు తెలిసినదే. ఆ నెలాఖరున మోపిదేవిలో సర్పశాంతి యాగము జరిగినది. యాగము జనులకు ధైర్యము నిచ్చెను; ప్రాణములు నిలిపినది ఆసుపత్రిలోని మందు. రెండింటికిని తగవు లేదు. దేవునికి మ్రొక్కినవాడు బండి ఎక్కరాదని ఏ శాస్త్రమును చెప్పలేదు.

ఇట్లని పాములనెల్ల చంపుడని నేను చెప్పుట లేదు. వరిచేలో ఎలుకను తినునది పామే. జెర్రిపోతు లేని పొలమున ఎలుకలు రైతుకంటె ముందు కోత కోయును. 1972 నాటి వన్యప్రాణి చట్టము పాములకు రక్షణ కలిగించినది. విరుగుడుమందు తయారుచేయుటకును పామే కావలెను. మదరాసు దగ్గర 1978లో ఏర్పడిన ఇరుళుల సహకారసంఘమువారు పాములను పట్టి, విషము పిండి, మరల అడవిలో విడుచుచు మందునకు కావలసిన విషమును సమకూర్చిరి. ఇంటిచుట్టు ఎలుకలు చేరకుండ ధాన్యమును, చెత్తను సర్దుకొనుట, రాత్రివేళ దీపము, చేతికఱ్ఱ లేనిదే చేలగట్లపై నడవకుండుట, గడ్డివామును చేయిపెట్టి దూయక ముందు కఱ్ఱతో కదల్చుట, మంచముమీద దోమతెర అంచులు పరుపుక్రిందికి మడిచి పడుకొనుట, కోతలకు పోవు కూలీలకు పాదరక్షలు ఇప్పించుట — ఈ అలవాట్లు పామునకును, మనకును క్షేమము.

రస్సెల్ స్వదేశమున కూడ తన పనిని విడువలేదు. విశాఖపట్టణపు చేపలు 200 వర్ణించి 1803లో గ్రంథము ప్రకటించెను. నాగుపాము పడగ విప్పుట దాని మెడవద్ద ప్రక్కటెముకల కదలికవలన జరుగునని 1804లో వ్రాసెను. 1805లో లండనులో మరణించెను. పెండ్లి లేదు, పిల్లలు లేరు. పాముల గ్రంథపు రెండవభాగము ఆయన మరణించునాటికి ముగియనేలేదు. 1809 నాటికి అది పూర్తియైనది.

మా పాలేరు భార్య అడిగిన ప్రశ్నకు జవాబు నేను చాలకాలమునకు, ఆ రేకులమచ్చల బొమ్మను చూచి, లక్షణములు సరిపోల్చుకొని తెలిసికొంటిని. అది కాటుకరేకుల పొడయే. అప్పటికి ఆమె కూడ లేదు. ఆనాడు గడ్డివామువద్ద చేరినవారిలో దుర్మార్గుడొక్కడును లేడు. అందరును మేలు కోరినవారే. పెద్దమనుష్యులు చెప్పిన మాటనుబట్టి ఒక రాత్రి ఆగితిమి. మీ ఊళ్లలో అట్టి రాత్రి వచ్చినప్పుడు జనులు మొదట చూచునది మీ ముఖమునే. ‘నీరుకట్టెయే, ఫరవాలేదు’ అని మాత్రము చెప్పకుడు. ‘బండి కట్టుడు’ అని చెప్పుడు.